గడప దాటాలా... లాగిన్ అవ్వాలా?

సైబర్ సెక్యూరిటీలో పీజీ చేస్తానంటారు పిల్లలు. క్యాంపస్‌కు పంపితే అప్పు భయం, ఇంట్లోనే కూర్చుని చదువుతానంటే అనుమానం! ఎలా చదివినా పట్టా ఒకటే కదా అని తేల్చేసేముందు కాస్త ఆగాలి.

సూర్యాపేటకు రైలు లేదు. ఉన్నదల్లా జాతీయ రహదారి. అర్ధరాత్రి కూడా అటు విజయవాడకు, ఇటు హైదరాబాద్‌కు బస్సులు పోతూనే ఉంటాయి. ఏళ్ల తరబడి ఈ ఊరి పిల్లలకు పైచదువంటే ఆ బస్సెక్కడమే. 135 కిలోమీటర్ల అవతల దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్ గది, అమీర్‌పేటలో కోచింగు. మిర్యాలగూడ వాళ్లకైతే రైలుంది. కోదాడ వాళ్లకు హైదరాబాద్ కన్నా విజయవాడే దగ్గర. ఎవరు ఎటు వెళ్లినా బ్యాగు సర్దుకోవడం, నాన్న బస్టాండు దాకా రావడం, కిటికీలోంచి పచ్చడి సీసా అందించడం మామూలే.

ఇప్పుడు ఆ బ్యాగు సర్దే పనే లేదంటున్నారు. ఇంట్లో కూర్చుని ఐఐటీ పీజీ, అమెరికా పీజీ చేసేయొచ్చట!

ఒక ఇల్లు ఊహించుకోండి. కోదాడ దగ్గర పల్లె. సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాల పొలం. కొడుకు బీటెక్ కంప్యూటర్స్ చదివి హైదరాబాద్‌లో చిన్న కంపెనీలో రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. సైబర్ సెక్యూరిటీలో ఎంఎస్ చేస్తానంటాడు. అమెరికా వెళ్లాలంటే ఫీజు, ఖర్చులు కలిపి 40 లక్షలన్నా చేతిలో ఉండాలి. అదే ఆన్‌లైన్ అయితే ఎనిమిది, తొమ్మిది లక్షల్లో అయిపోతుందని మేనమామ చెప్పాడు.

''ఇంట్ల కూసోని సదివితే అది సదువెట్లయితది?'' అంటాడు తండ్రి.

''చెప్పే సారు అదే సారు, రాసే పరీక్ష అదే పరీక్ష నాన్నా'' అంటాడు కొడుకు.

తల్లికి ఇంకో అనుమానం. ''పట్టా మీద ఏమని రాస్తరు?''

ముగ్గురి ప్రశ్నలకూ జవాబులున్నాయి. కాకపోతే ఒక్కచోట లేవు.

దొంగలు ముందొచ్చారు

అసలు ఈ చదువుకు ఇంత గిరాకీ ఎందుకు? దొంగలు ముందొచ్చారు, కాపలాదారుల కోసం వెతుకులాట ఆ తర్వాత మొదలైంది. 2016 ఫిబ్రవరిలో న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌లో ఉన్న బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు ఖాతా నుంచి 8.1 కోట్ల డాలర్లు కొట్టేశారు. అదే ఏడాది జూన్‌లో, బ్యాంకులన్నీ సైబర్ రక్షణకు ప్రత్యేక విధానం పెట్టుకోవాలని మన రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. అయినా 2018 ఆగస్టులో పుణెలోని కాస్మోస్ బ్యాంకు 94 కోట్లు పోగొట్టుకుంది. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని మహేశ్ కోఆపరేటివ్ బ్యాంకు వంతు వచ్చింది. ఉద్యోగులకు మామూలు ఈమెయిళ్లలా కనిపించేవి పంపి, వాటి చాటున కంప్యూటర్లలోకి చొరబడి, ఓ వారాంతంలో దాదాపు 12 కోట్లు మళ్లించేశారు. ఎవరూ తుపాకీ పట్టలేదు, తాళం పగలగొట్టలేదు.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ కొత్త నిబంధన తెచ్చింది. కంపెనీ మీద సైబర్ దాడి జరిగితే గమనించిన ఆరు గంటల్లోగా తమకు చెప్పాలంది. చెప్పాలంటే ముందు ఎవరో ఒకరు కనిపెట్టాలిగా! అందుకే రాత్రింబవళ్లు తెరల ముందు కూర్చుని అనుమానాస్పద కదలికలను గమనించే ఉద్యోగాలు హైదరాబాద్‌లో పుట్టుకొచ్చాయి. 2023లో రాష్ట్ర పోలీసు శాఖలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో కూడా ఏర్పడింది. ఓటీపీ చెప్పి మోసపోయినవాళ్లు 1930కి ఫోన్ చేయడం ఇప్పుడు పల్లెల్లోనూ తెలిసిన సంగతే.

ఇక్కడో మాట. ఆ తెర ముందు కూర్చునే మొదటి ఉద్యోగానికి పీజీ అక్కర్లేదు. బీటెక్, కొంత చేతి పనితనం, ఒకట్రెండు సర్టిఫికెట్లు చాలు. పీజీ అవసరమయ్యేది ఆ పైమెట్టుకు... దాడి ఎలా జరిగిందో విప్పి చెప్పడానికి, రక్షణ వ్యవస్థను మొదటి నుంచీ కట్టడానికి, గుప్తలేఖన గణితం జోలికి వెళ్లడానికి, పరిశోధనకు. కొలువు దొరకలేదని పీజీలో చేరేవాళ్లు, పీజీ అయ్యాక మళ్లీ అదే రాత్రి షిఫ్టు దగ్గర తేలుతున్నారు.

బస్సు దూరంలోనే ఉంది

అమెరికా మాట తర్వాత. ముందు హైదరాబాద్ సంగతి చూద్దాం. గచ్చిబౌలిలోని ట్రిపుల్ఐటీలో కంప్యూటర్ సైన్స్ అండ్ ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ పేరుతోనే ఎంటెక్ ఉంది. దీనికి గేట్ కాదు, ఆ సంస్థ సొంతంగా పెట్టే ప్రవేశ పరీక్ష రాయాలి. రిజర్వ్ బ్యాంకు 1996లో మాసబ్‌ట్యాంక్‌లో పెట్టిన ఐడీఆర్‌బీటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీతో కలిసి బ్యాంకింగ్ టెక్నాలజీ, సమాచార భద్రతల మీద ఎంటెక్ నడిపింది. బ్యాంకుల కంప్యూటర్ల గురించి తెలుసుకోవాలంటే దేశం మొత్తమ్మీద ఇదే పెద్ద చిరునామా. రెండేళ్లు ఆగలేనివాళ్లకు సీడాక్‌లో ఆరు నెలల పీజీ డిప్లొమా ఉంది. రాష్ట్రం దాటితే గాంధీనగర్‌లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ, కోయంబత్తూరులో అమృత.

గేట్ స్కోరుతో ఎంటెక్‌లో పూర్తికాలం చేరినవారికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. హైదరాబాద్‌లో హాస్టల్‌కీ భోజనానికీ అటూ ఇటూగా సరిపోతుంది. ఈ ఒక్క లెక్కా కోదాడ తండ్రికి ఎవరూ చెప్పలేదు. అప్పు చేసి చదివే క్యాంపసే ఆయనకు తెలుసు. ఎదురు డబ్బిచ్చి చదివించే క్యాంపస్ ఒకటుందని తెలియదు. గేట్ కొట్టడం తేలికని కాదు. కానీ 40 లక్షలు తేవడం అంతకన్నా తేలికేమీ కాదుగా!

క్యాంపస్‌లో పాఠం కన్నా పక్కవాళ్లు ముఖ్యం. కేరళలోని అమృత క్యాంపస్‌లో 'బయోస్' అని విద్యార్థుల బృందం ఉంది. 'క్యాప్చర్ ద ఫ్లాగ్' అంటారే... దాచిన రహస్యాన్ని ఛేదించే హ్యాకింగ్ పోటీ... అందులో ఏళ్లుగా దేశంలో ముందు వరసలో ఉన్న జట్టు అది. అక్కడ సీనియర్లు జూనియర్లకు నేర్పుతారు. ఆ జూనియర్లు మరుసటేడు సీనియర్లవుతారు. తెల్లవారుజామున మూడింటికి ప్రోగ్రాం మొరాయిస్తే పక్క కుర్చీలో అడగడానికి ఒకరుంటారు. వీడియో పాఠం ఎంత బాగున్నా పక్క కుర్చీ ఖాళీయే.

ఆన్‌లైన్... రెండు రకాలు

అలాగని ఆన్‌లైన్‌ను తీసిపారేయడానికి లేదు. అమెరికాలో జార్జియా టెక్ 2014లో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌ను ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు నవ్వినవాళ్లు ఉన్నారు. మొత్తం చదువు ఏడు వేల డాలర్లకే అన్నారు మరి! అది నిలబడింది. 2019 జనవరిలో అదే పద్ధతిలో సైబర్ సెక్యూరిటీ ఎంఎస్ మొదలైంది. పది వేల డాలర్ల లోపు ఫీజన్నారు. పాఠాలు రికార్డు చేసి ఉంటాయి కాబట్టి నిద్ర మానుకుని వినక్కర్లేదు. అట్లాంటాలో అర్ధరాత్రికి గడువంటే ఇక్కడ వేసవిలో ఉదయం తొమ్మిదిన్నర. తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. అలాంటి పెద్ద యూనివర్సిటీల పట్టా మీద 'ఆన్‌లైన్' అనే మాటే ఉండదు.

మన దగ్గర ఐఐటీ కాన్పూర్ 2022లో ఉద్యోగుల కోసం ఈ-మాస్టర్స్ మొదలుపెట్టింది. అందులో సైబర్ సెక్యూరిటీ ఉంది. గేట్ అడగరు. ఫీజు 8 లక్షల దాకా. ఉద్యోగం చేసుకుంటూ ఏడాది నుంచి మూడేళ్లలోపు పూర్తిచేయొచ్చు.

ఇక రెండో రకం. 'ఇంట్లోనే ఎంటెక్' అని ఫోన్లు చేసేవాళ్లు. ఇక్కడ జాగ్రత్త! యూజీసీ 2020 నిబంధనల ప్రకారం ఇంజినీరింగ్ చదువులను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదు. ఐఐటీలకు పార్లమెంటు ప్రత్యేక చట్టం ఉంది కాబట్టి వాటి దారి వేరు. మామూలు యూనివర్సిటీ ఏదైనా ఆన్‌లైన్ ఎంటెక్ అంటే అనుమానించాల్సిందే. 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు గుర్తుందా? కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు కరస్పాండెన్స్‌లో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలు చెల్లవంది. వాటిని చూపించి ఉద్యోగాలు, ప్రమోషన్లు తెచ్చుకున్నవాళ్లు నడివయసులో మళ్లీ పరీక్ష రాయాల్సి వచ్చింది.

ఎమ్మెస్సీ, ఎంసీఏల సంగతి వేరు. అనుమతి ఉన్న యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో ఇచ్చినా అది రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని 2022 సెప్టెంబరులో యూజీసీ స్పష్టం చేసింది. అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్లో కోర్సు పేరుతో సహా చూసుకోవచ్చు. 2024 నుంచి ఈ కోర్సుల్లో చేరాలంటే విద్యార్థే ఆ సైట్లో డెబ్ ఐడీ తీసుకోవాలన్నారు. ఐడీ అక్కర్లేదు, మేం చూసుకుంటాం అన్నారంటే అది కాలేజీ కాదన్నమాటే. విదేశీ ఆన్‌లైన్ పట్టా అయితే ఇక్కడ సర్కారు కొలువుకు సమానత ఇస్తారో లేదో చేరకముందే అడిగి తెలుసుకోవాలి. ప్రైవేటు కంపెనీ పట్టించుకోకపోవచ్చు. సర్వీస్ కమిషన్ అలా ఊరుకోదు.

రెండూ కలిపితేనే చిక్కు

కొడుకు 'చదువు అదే' అన్నాడు. నిజమే. కానీ అమెరికా క్యాంపస్‌కు కట్టే డబ్బు చదువుకొక్కదానికే కాదు. అక్కడ ఉండే హక్కుకూ, చదువయ్యాక ఏడాది పాటూ, సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులకైతే మరో 24 నెలలూ పనిచేసే వీలుకూ కలిపి కడుతున్నారు. ఆన్‌లైన్ ఎంఎస్‌లో ఆ రెండూ ఉండవు. ఇంట్లో చదివే చదువుకు ఎఫ్-1 వీసా ఇవ్వరు. వీసా మీద వెళ్లినవాళ్లు కూడా సెమిస్టరుకు ఒక్క ఆన్‌లైన్ క్లాసునే పూర్తికాలం చదువు లెక్కలో చూపించుకోవచ్చు. చివరి సెమిస్టరులో ఒక్క కోర్సే మిగిలితే అదీ ఆన్‌లైన్‌లో చేయడానికి వీల్లేదు.

ఈ సంగతి తెలుగువాళ్లకు తెలిసొచ్చిన తీరు తలచుకుంటే ఇప్పటికీ బాధే. కాలిఫోర్నియాలోని ప్లెసంటన్‌లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ అని ఉండేది. 'చేరండి, క్లాసులు ఆన్‌లైన్‌లో వినండి, అమెరికాలో ఎక్కడైనా ఉండండి, మొదటిరోజు నుంచే పని చేసుకోండి' అనేది దాని ఆకర్షణ. 2009లో పదకొండు మందితో మొదలై రెండేళ్లు తిరక్కుండానే 1,500 దాటింది. అందులో నూటికి 95 మంది భారతీయులు. ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కాగితాల మీద వందలమంది సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంటులో కాపురం! 2011 జనవరిలో అధికారులు దాడి చేసి మూసేశారు. కొందరు విద్యార్థుల కాళ్లకు రేడియో పట్టీలు తగిలించిన ఫొటోలు పేపర్లలో వచ్చాయి. ఆ యూనివర్సిటీ నడిపిన మహిళకు 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. పిల్లల డబ్బు, కాలం మాత్రం తిరిగి రాలేదు.

పాఠం నేర్చుకున్నామా? 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. ఈసారి అది దొంగ కాలేజీ కూడా కాదు. ప్రభుత్వమే పన్నిన వల. క్లాసుల్లేవు, పంతుళ్లూ లేరు. మొదటి విడతలో పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. అందులోనూ తెలుగువాళ్లే ఎక్కువ.

చదవకుండా వీసా నిలబెట్టుకోవాలనుకుంటే ఇంతే. కానీ నిజాయతీగా చదువుకుంటున్నవాళ్లకూ ఓసారి గుండె ఆగినంత పనైంది. కరోనా కాలంలో, 2020 జూలై 6న, క్లాసులన్నీ ఆన్‌లైన్‌కు మారితే విదేశీ విద్యార్థులు దేశం విడిచిపోవాలని అమెరికా ప్రకటించింది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాయి. ఎనిమిది రోజులకు ఆదేశం వెనక్కి తీసుకున్నారు. ఆ ఎనిమిది రోజులు మన ఇళ్లలో ఎంతమందికి నిద్రపట్టిందో!

సైబర్ సెక్యూరిటీకే ప్రత్యేకమైన చిక్కు ఇంకోటుంది. కన్సల్టెన్సీలు దీని ఊసెత్తవు. అమెరికాలో ఈ రంగంలో పెద్ద యజమాని ప్రభుత్వమే, ఆ తర్వాత రక్షణ శాఖ కాంట్రాక్టు కంపెనీలు. అక్కడి రహస్యాలు చూడాలంటే అనుమతి కావాలి, ఆ అనుమతి పౌరులకే. కాబట్టి 'లక్షల ఖాళీలు' అని చెప్పే లెక్కలో కొంత భాగం మన పిల్లల ముందు తలుపు మూసే ఉంటుంది. బ్యాంకులు, ఆస్పత్రులు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు మిగులుతాయి. అవీ తక్కువేం కాదు. కాకపోతే బయల్దేరేముందు తెలిసి ఉండాలి.

ఇక 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము పెట్టింది. అక్కడే చదువుకుని విద్యార్థి వీసా నుంచి మారేవాళ్లకు ఇది వర్తించదని తర్వాతి నెల వివరణ ఇచ్చింది. అంటే 'ఆన్‌లైన్‌లో ఎంఎస్ చేసి, ఆ పట్టాతో ఇక్కణ్నుంచే నేరుగా వెళ్తా' అనేవాళ్ల దారి మరింత ఇరుకైందన్నమాట.

ఆడపిల్ల అయితే...

మిర్యాలగూడలో ఇదే ప్రశ్న ఇంకోలా వినిపిస్తుంది. ''ఆన్‌లైన్ అయితే పిల్ల కళ్లముందే ఉంటది'' అంటారు. కొడుకు ఆన్‌లైన్ అంటే అనుమానించే ఇంట్లోనే కూతురికి మాత్రం ఆన్‌లైనే మేలని తీర్మానిస్తారు. ఇదేం న్యాయం? గేట్‌లో ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయిని రైలెక్కించకపోతే పోయేది ఆ పక్క కుర్చీ, ఆ ల్యాబు, ఆ స్నేహాలు. మరోపక్క పెళ్లయి, చంటిబిడ్డతో ఉద్యోగం మానేసిన అమ్మాయికి మళ్లీ కొలువులోకి వచ్చేందుకు తెరుచుకున్న తలుపు అదే ఆన్‌లైన్. ఎవరి ఇష్టంతో ఎంచుకున్నారన్నదే చూడాలి.

కాగితాల లెక్క

పొలం ఉందిగా, బ్యాంకులో పెడదాం అనుకుంటాడు కోదాడ తండ్రి. చదువు అప్పులకు చాలా బ్యాంకులు సాగుభూమిని తాకట్టుగా తీసుకోవు. ఇల్లో, ఇంటి స్థలమో చూపమంటాయి. దాంతో పొలం అమ్మకానికో, బయటి వడ్డీకో దారితీస్తుంది. చదువు పట్టా కోసం పొలం పట్టా పోవడం ఇలాగే.

సంతకం పెట్టేముందు విదేశీ విద్యానిధి సంగతి చూడాలి. ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరిట, బీసీలకు జ్యోతిబా ఫులే పేరిట, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరిట రాష్ట్ర పథకాలున్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపుంటే 20 లక్షల దాకా సాయం. విదేశానికి వెళ్లి పూర్తికాలం చదివేవాళ్లకే. ఇంట్లో కూర్చుని చదివేవాళ్లకు కాదు.

ఆన్‌లైన్ వాళ్ల ఖర్చు ఇంకోలా ఉంటుంది. వర్చువల్ మెషీన్లు... ఒకే కంప్యూటర్లో నాలుగు నకిలీ కంప్యూటర్లు తెరిచి, ఒకదాంతో ఇంకోదానిపై దాడి చేసి చూసే సాధన... సాఫీగా నడవాలంటే 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ కావాలి. కరెంటు పోతే ఇన్వర్టర్, నెట్ పోతే ఫోన్ డేటా. పరీక్షప్పుడు వెబ్‌క్యామ్ అభ్యర్థినే చూస్తూ ఉంటుంది, కాబట్టి గదిలోకి ఎవరూ రాకూడదని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టుకోవాలి. చుట్టాలతో నిండిన ఇంట్లో ఇదే అన్నిటికన్నా కష్టం! ఇంకో సంగతి... సాధన సొంత కంప్యూటర్ మీదే చేయాలి. సరదాకి కూడా ఊళ్లో కాలేజీ వెబ్‌సైట్ జోలికి పోకూడదు. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

కోదాడ దగ్గరి ఆ ఇంట్లో ఇంకా ఏదీ తేలలేదు. అమెరికా అంటే అప్పు తీర్చే ధైర్యం ఉండాలి. గేట్ అంటే ఉద్యోగం చేస్తూ చదవాలి. ఐఐటీ ఆన్‌లైన్ అంటే జీతంలోంచి కట్టుకోవచ్చు గానీ రెండేళ్లు ఆదివారాలు ఉండవు. ఈలోగా తల్లి ఒక మాటంది. ''ముందు ఒక్క సబ్జెక్టు సదివి సూడు బిడ్డా, నచ్చుతదో లేదో.''

అలా చూడటానికి వీలుంది. ఐఐటీ అధ్యాపకులు చెప్పే సెక్యూరిటీ పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితం. జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి మొదలవుతాయి. పన్నెండు వారాలు విని, సర్టిఫికెట్ కావాలంటే వెయ్యి రూపాయలు కట్టి పరీక్ష రాయాలి. దానికైతే పాసుపుస్తకం బీరువాలోంచి తీయక్కర్లేదు.